ధవళయ్య పెట్టిన రూలు

జమ్ముమడుగు పెద్ద చెరువేమీ కాదు. కానీ ఎండాకాలంలో కూడా ఎండదు కాబట్టి చుట్టుపక్కల జీవాలన్నీ అక్కడే కాపురం. పెత్తనం కాటుకమ్మ అనే ముసలి గేదెది. మనసు మంచిది, ఒళ్లు బరువు, చూపు మందం. పొద్దున్నే బురదలో దిగి, మెడ మాత్రం పైకి పెట్టి, ఎవరికి ఏ కష్టమొచ్చినా వినేది.

కొన్నాళ్లకు వినడానికి వచ్చేవాళ్లు ఎక్కువై తోపులాట మొదలైంది. అందుకని తూము పక్కన పాడుబడిన గదిలో ఒక కంప్యూటరు పెట్టారు. జాతికో ఫోను ఇచ్చారు. చెప్పుకోవాల్సింది ఏదైనా ఈమెయిల్లో రాయాలన్నారు. ఆ ఉత్తరాలు చదివి వినిపించే గుమాస్తా పని ధవళయ్యకు దక్కింది. ధవళయ్య కొంగ. ముక్కు పొడుగు కాబట్టి మీటలు చకచకా నొక్కేవాడు.

వచ్చిన వారానికే అన్నీ సర్దేశాడు. "రూల్స్ పెట్టానమ్మా. చేపల ఉత్తరం వస్తే దానంతట అదే చేపల ఫోల్డర్లోకి పోతుంది. పశువులది పశువుల్లోకి. మీరు వెతుక్కునే పని లేదు" అన్నాడు.

"నువ్వు లేకపోతే నా గతేమయ్యేదో" అంది కాటుకమ్మ.

ఆ చెరువులో ఒక కట్టుబాటు ఉండేది. జమ్ము గడ్డి దగ్గరి లోతులేని నీళ్లు కప్పల పిల్లలవి. అక్కడ ఎవరూ వేటాడకూడదు. ధవళయ్య సరిగ్గా అక్కడే నిలబడి, కళ్లు మూసుకుని, తోకకప్పల్ని ఒక్కొక్కటిగా మింగేవాడు.

పచ్చమ్మ అనే కప్ప అది చూసింది. అదే రోజు ఉత్తరం రాసింది. అప్పట్నుంచి ఒక్కో పిల్ల పోయినప్పుడల్లా ఇంకొకటి రాసింది. వారం తిరిగేసరికి ఆమె పిల్లల్లో సగం మంది లేరు. కాటుకమ్మ దగ్గర్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇక లాభం లేదని గెంతుకుంటూ తూము గదికే వచ్చింది.

"పెద్దమ్మా, ఇన్ని ఉత్తరాలు రాశాను. ఒక్కదానికైనా జవాబు ఇవ్వకూడదా?"

కాటుకమ్మ తెల్లబోయింది. "ఏ ఉత్తరాలే? ధవళయ్యా, వచ్చాయా?"

ధవళయ్య కంప్యూటర్లో ఉత్తరాల పెట్టె తెరిచి చూపించాడు. "కప్పల ఫోల్డరు ఇదిగోనమ్మా, ఖాళీ. పచ్చమ్మ వదిన రాసే ఉంటుంది, పంపడం మర్చిపోయి ఉంటుంది. పిల్లల తల్లి, పాపం, మతిమరుపు సహజం."

"నేను పంపాను" అంది పచ్చమ్మ.

"పంపితే ఇక్కడ ఉండాలి కదా వదినా."

చుట్టూ ఉన్న బాతులు నవ్వాయి. పచ్చమ్మ తిరిగి జమ్ములోకి పోయి, మిగిలిన పిల్లల్ని ఒక ఆకు కిందకి చేర్చి, రోజంతా అక్కడే కాపలా కూర్చుంది.

నాలుగు రోజుల తర్వాత నెమలి పింఛయ్య చిటపటలాడుతూ వచ్చాడు. "అమ్మా, మా గుట్ట మీద నాట్యానికి రమ్మని మూడు సార్లు పిలుపు పంపాను. రాకపోతే పోయె, రానని ఒక ముక్క రాయకూడదా?"

"నీ పిలుపు అందితే నేను రాకుండా ఉంటానా?" కాటుకమ్మకు నిజంగానే బాధేసింది. "పచ్చమ్మ ఉత్తరాలూ అందలేదు, నీవీ అందలేదు. ఈ మిషన్లో ఏదో ఉంది. డిప్పయ్య తాతను పిలవండి."

డిప్పయ్య తాబేలు. ఏ పనైనా నెమ్మదిగా చేస్తాడు గానీ మధ్యలో వదలడు. వచ్చి ముందుగా అడిగాడు. "నాయనా ధవళయ్యా, రూల్స్ ఉన్న పేజీ ఒకసారి తెరువు."

"దానికి పాస్‌వర్డ్ ఉంది తాతా. మర్చిపోయాను."

"దాచిన ఫోల్డర్లేమైనా ఉంటే అవి?"

"వాటికీ అదే పాస్‌వర్డ్."

"సరేలే, ఉన్నదాంతోనే చూస్తాను."

తాబేలు తేల్చేసరికి వానాకాలం వెళ్లిపోతుందని ధవళయ్య ధైర్యం. భోజనం వేళయిందని చెప్పి ఎగిరిపోయాడు.

డిప్పయ్య పింఛయ్య చేత పాత పిలుపునే మళ్లీ పంపించాడు. రాలేదు. ఉత్తరాన్ని రెండు ముక్కలు చేయించాడు. మొదటి ముక్క పంపిస్తే టింగుమని వచ్చింది. రెండో ముక్క రాలేదు.

"అయితే తంటా రెండో ముక్కలో ఉంది. దాన్నీ విరువు."

విరిచారు, పంపారు, మళ్లీ విరిచారు. చివరికి ఒక్క వాక్యం మిగిలింది. 'నా కొంగొత్త నాట్యం చూడండి' అని.

"కొంగొత్త తీసేసి కొత్త అని రాయి" అన్నాడు డిప్పయ్య.

పింఛయ్య ముఖం మాడ్చుకున్నాడు. "అందం పోతుంది తాతా."

"అందం తర్వాత. ముందు ఉత్తరం చేరనీ."

'నా కొత్త నాట్యం చూడండి' వెంటనే వచ్చి పడింది. ఇంతకాలం పిలుపును మింగింది ఆ ఒక్క మాటే.

డిప్పయ్య పచ్చమ్మను పిలిపించాడు. "నీ ఉత్తరాల్లో కొంగొత్త అనే మాట ఉందా అమ్మా?"

"పిల్లలు పోతుంటే నాకు కొంగొత్త ఏముంటుంది తాతా? కొంగ మా పిల్లల్ని తింటున్నాడు అని రాశాను. అంతే."

డిప్పయ్య తల డిప్పలోకి లాక్కుని కాసేపు ఆలోచించాడు. బయటికి వచ్చి 'చీర కొంగు' అని రాసి తనే పంపి చూశాడు. మాయమైంది. 'చీర అంచు' అని పంపాడు. వచ్చింది.

"ఇదీ సంగతి" అన్నాడు కాటుకమ్మతో. "కొంగ అన్న అక్షరాలు ఎక్కడ కనిపిస్తే ఆ ఉత్తరాన్ని పక్కకు తోసేయమని ఎవరో రూలు పెట్టారు. మిషన్‌కు అర్థాలు తెలియవు, అక్షరాలే తెలుసు. అందుకే కొంగతో పాటు కొంగూ పోయింది, కొంగొత్తా పోయింది."

"ఎవరో ఏమిటి తాతా, ఇంకెవరు?" అంది కాటుకమ్మ. కొమ్ములు ఊపి లేవబోయింది.

"కూర్చోండమ్మా. తాళం అతని దగ్గరుంది. మనం గద్దిస్తే అన్నీ తుడిచేసి కూర్చుంటాడు. అతని చేతే తీయిద్దాం."

మర్నాడు కాటుకమ్మ ఒక ప్రకటన చేసింది. జమ్ము నీళ్లకు కాపలాదారు కావాలి. పగలంతా అక్కడే నిలబడాలి. కావలసినవాళ్లు ఏ జాతో, ఏ పేరో స్పష్టంగా రాసి మధ్యాహ్నంలోగా ఈమెయిల్ పంపాలి.

ధవళయ్యకు నోరూరింది. ఇంతకాలం దొంగచాటుగా నిలబడ్డ చోట ఇక దర్జాగా నిలబడవచ్చు. తన చెట్టెక్కి, ఫోను తీసి, పొడుగాటి ఉత్తరం రాశాడు. 'కొంగ జాతి నిగ్రహానికి పెట్టింది పేరు. ఈ కొంగ ధవళయ్య ఒంటికాలి మీద సేవ చేస్తాడు' అంటూ ఒక్క ఉత్తరంలో తన జాతి పేరు తొమ్మిది సార్లు రాసుకున్నాడు. ఆశలో పడి, తను పెట్టిన రూలు సంగతే తలవలేదు.

మధ్యాహ్నం అందరూ తూము గది ముందు చేరారు. డిప్పయ్య పెట్టె చూసి చెప్పాడు. "ఒక్క ఉత్తరమే వచ్చిందమ్మా. కప్ప పచ్చమ్మది."

"అయితే కాపలా పచ్చమ్మదే" అంది కాటుకమ్మ.

ధవళయ్య మెడ సాచాడు. "అదేమిటమ్మా? నేనూ పంపాను."

"పంపితే ఇక్కడ ఉండాలి కదా నాయనా" అన్నాడు డిప్పయ్య.

"ఉంది తాతా, తప్పకుండా ఉంది. నీకు వెతకడం రాలేదు. జరుగు."

ధవళయ్య ఒక్క ఊపులో మీటల మీదికి వంగాడు. మర్చిపోయానన్న పాస్‌వర్డ్ ముక్కుతో టకటకా కొట్టాడు. 'పాత వానల వివరాలు' అన్న ఫోల్డరు తెరుచుకుంది. "ఇదిగో, అన్నిటికంటే పైన. నాదే" అన్నాడు గర్వంగా.

అతని ఉత్తరం కింద చీర కొంగు ఉంది. దాని కింద పింఛయ్య పిలుపులు. వాటి కింద, తెర అడుగు దాకా, పచ్చమ్మ, పచ్చమ్మ, పచ్చమ్మ.

ధవళయ్య ముక్కు మీట మీదే ఆగిపోయింది. ఎగిరిపోదామని రెక్క విప్పేలోగా కాటుకమ్మ గుమ్మానికి అడ్డంగా పడుకుంది.

"చదువు" అంది. "గుమాస్తావి కదా. అన్నీ చదివి వినిపించు."

ధవళయ్య చదవక తప్పలేదు. 'ఈ రోజు కొంగ నా పెద్దదాన్ని తిన్నాడు. దానికి నిన్ననే కాళ్లు మొలిచాయి' అని మొదటిది. తర్వాతిది ఇంకో బిడ్డ గురించి. నవ్విన బాతులు తలలు దించుకున్నాయి. పచ్చమ్మ గట్టు మీద కదలకుండా కూర్చుని, తను రాసిన ప్రతి మాటా విన్నది. పదిహేడో ఉత్తరం దగ్గర ధవళయ్య చదవడం ఆపేసి ముక్కు రెక్కలో దాచుకున్నాడు. మిగతావి డిప్పయ్య చదివాడు.

"నేను అడగకుండా నమ్మాను. తప్పు నాదీ ఉంది" అంది కాటుకమ్మ పచ్చమ్మతో. ఆ రూలును పచ్చమ్మ చేతే తీయించింది. ధవళయ్యను చెరువు దాటించి, గులకరాళ్లు తప్ప ఏమీ దొరకని ఎగువ వాగుకు పంపించేసింది. అక్కడి నుంచి అతను రోజూ క్షమాపణ రాస్తున్నాడట, అవన్నీ కాటుకమ్మకు సరిగ్గానే అందుతున్నాయట, ఆమే జవాబివ్వడం లేదట.

నీతి: ఇతరుల గోడు పెద్దల చెవిన పడకుండా అడ్డుకట్ట వేసినవాడు, తన మాటకు కూడా దారి మూసుకుంటాడు.