నిద్ర లేని తాళం

ఒక తాళానికి పదకొండేళ్లుగా నిద్ర లేదు.

అడవి అంచున ఒక రైతు ఇల్లు, ఇంటి ముందు అతని మక్కచేను. పందులు చేను పాడుచేస్తున్నాయని రైతు ఒక తుపాకీ తెచ్చుకున్నాడు. దాన్ని దాచడానికి చెక్కపెట్టె చేయించాడు. లైసెన్సు ఇచ్చిన ఆఫీసరు తాళం తప్పనిసరి అన్నాడు కాబట్టి తాళమూ కొన్నాడు. తెచ్చిన రోజు దాన్ని పెట్టె గొళ్లానికి తగిలించాడు. నొక్కి మూయడం మాత్రం ఎప్పుడూ చేయలేదు.

తాళాలకు నోరు మూసుకుంటేనే నిద్ర. మనుషుల్లో నోరు తెరుచుకుని హాయిగా గుర్రుపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. తాళాలకు ఆ సుఖం లేదు.

"తాళం ఏసినవా?" అని భార్య అడిగేది.

"ఏసిన," అనేవాడు రైతు. అబద్ధం చెబుతున్నానని అతనికి ఎప్పుడూ అనిపించలేదు. గుమ్మం దగ్గర నిలబడి చూస్తే వేసినట్టే కనిపించేది.

ఒకరోజు ఆమె ఇల్లు ఊడుస్తూ పెట్టె దాకా వచ్చి, తెరిచి ఉన్న తాళాన్ని చూసింది. "ఇదేనా ఏసుడు? ఇంట్ల పిల్ల తిరుగుతాంది."

"పందులు చేన్ల పడ్డంక తాళంచెవి దేవులాడుకుంట కూసోవాల్నా? అయినా దానికేం ఎరుక, చిన్నపిల్ల."

ఆమెకు ఆ జవాబు నచ్చలేదు. కానీ పొయ్యి మీద కూర మాడుతోంది. వెళ్లిపోయింది. ఇళ్లలో చాలా మాటలు ఇలాగే కూర దగ్గర ఆగిపోతాయి.

ఒక మధ్యాహ్నం పెట్టె లోపలి నుంచి తుపాకీ పలకరించింది. దాని కడుపులో ఎప్పుడూ ఒక తూటా ఉండేది. అది కూడా రైతు తొందర కోసమే.

"అలిసిపోయినట్టున్నావు," అంది తుపాకీ.

"అలిసిపోయాను. ఒక్క మాట చెప్పు. ఎప్పుడైనా ఆ పిల్ల నిన్ను ముట్టుకుంటే నువ్వు ఊరుకుంటావు కదా?"

"నాకు వేలు తగిలితే తెలుస్తుంది. ఎవరి వేలో తెలియదు."

ఆ మాట అనడంలో తుపాకీకి కోపం లేదు, కనికరమూ లేదు. తాళానికి భయమేసింది. ఆ రోజు నుంచి అది పిల్లను చూడటమే పనిగా పెట్టుకుంది.

పిల్లకు ఆ పెట్టే అరుగు. దాని మీద కూర్చుని గుడ్డబొమ్మకు జడ వేసేది, కాళ్లు ఊపుతూ ఏదో పాడుకునేది. మూడేళ్లప్పుడు ఆమె మడమలు గొళ్లెం దగ్గర తగిలేవి. ఐదేళ్లప్పుడు చెక్కకు మధ్యలో తగిలేవి. ఇప్పుడు ఏడేళ్లు వచ్చాయి, పాదాలు నేలకు ఆనుతున్నాయి. ఇది తాళం ఒక్కటే గమనించింది. రైతు దృష్టిలో ఆమె ఇంకా చిన్నపిల్లే.

ఆ ఏడు కంకులు పాలు పట్టే కాలంలో, ఒకనాడు భార్యాభర్తలిద్దరూ చేనిలో ఉండగా, తాళం నోరు మూసుకుంది. చిన్న చప్పుడైంది. ఆ చప్పుడు చేనుదాకా వినపడలేదు.

మర్నాడు పొద్దు గూకే వేళ పందులు వచ్చాయి. కంకులు విరుగుతున్న చప్పుడు ఇంట్లోకి వినబడుతోంది. రైతు పరుగెత్తుకుంటూ వచ్చి తాళం పట్టి లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు. తాళంచెవి కోసం గూట్లో చూశాడు, చూరులో చూశాడు. పదకొండేళ్లుగా అవసరం పడని తాళంచెవి అది, ఎక్కడుందో ఎవరికి తెలుసు? సుత్తి తెచ్చాడు.

మొదటి దెబ్బకు తాళం మీద తుప్పు రాలింది. రెండో దెబ్బకు గొళ్లెం వంగింది. తాళం నోరు విప్పలేదు. రైతు దాన్ని అమ్మనా బూతులు తిట్టి మూడో దెబ్బకు సుత్తి ఎత్తాడు.

"గట్టిగున్నది బాపూ," అంది గుమ్మంలో నిలబడ్డ పిల్ల. "నిన్న నేను గూడ గుంజిన. రాలే."

ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఉండిపోయింది.

"నువ్వెందుకు గుంజినవ్ బిడ్డా?"

"బొమ్మను అండ్ల పండుకోబెడ్దామని. నేను ముట్టంగనే టప్పుమని పడ్డది."

రైతు సుత్తిని నేల మీద పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు. తర్వాత పెట్టె పక్కనే కూలబడ్డాడు. బయట చేను విరుగుతూనే ఉంది.

భార్య పెరట్లోంచి వచ్చింది. "కూసున్నవేందయ్యా? పందులు చేనంత తింటున్నయ్."

"తిననియ్," అన్నాడు రైతు.

ఆమె అతని ముఖం చూసింది, సుత్తిని చూసింది, పిల్ల చేతిలో బొమ్మను చూసింది. వచ్చి పిల్లను దగ్గరికి తీసుకుంది.

కాసేపటికి రైతు లేచాడు. తాళం పట్టుకుని ఇంకోసారి లాగి చూశాడు. ఈసారి తీయడానికి కాదు. అది రాలేదు. మళ్లీ లాగాడు, రాలేదు. అప్పుడు మూలనున్న నూనెడబ్బా, ఒక కర్ర తీసుకుని, డబ్బా వాయిస్తూ చేనులోకి నడిచాడు.

ఊరంతా వినబడేంత మోత అది. పందులు అడవిలోకి పరుగెత్తాయి. తాళం మాత్రం లేవలేదు.