నలభై ఒకటో పులి

గుండ్లకొండ రాజు ముప్పభూపతికి ఉన్నట్టుండి పులుల మీద మనసయింది. పొరుగురాజు తన అడవిలో పాతిక పులులున్నాయని గొప్పగా కబురంపాడు మరి. ఆ పూట ఈయనకు అన్నం సహించలేదు. "మన అడవిలో వేట బందు! పులుల్ని కాపాడండి! పెంచండి! ఎన్ని పెరిగాయో ఏటేటా నాకు చెప్పండి!" అని దండోరా వేయించి, ఆ పని కేతనాయకుడికి అప్పగించాడు.

కేతనాయకుడు మీసం దువ్వుకోవడంలో దిట్ట. అడవిలోకి వెళ్ళి పులుల్ని వెతకడం ఆయన హోదాకు తక్కువ. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు. కోట మందలోంచి వారం వారం మేకల్ని అడవిలోకి తోలించాడు. వెళ్ళిన మేక తిరిగి రాలేదు. రాలేదంటే పులి తిన్నట్టే కదా! ఎన్ని ఎక్కువ మేకలు పోతే అన్ని ఎక్కువ పులులున్నట్టు. సభలో ఒక్కడూ "నువ్వు పులిని చూశావా?" అని అడగలేదు. అడిగితే "నువ్వే వెళ్ళి చూసి రా" అంటారని భయం.

రాజుకు తమలపాకు చిలకలు చుట్టి అందించే అడపకత్తె ఎర్రసాని మాత్రం లోలోపల నవ్వుకునేది. ఈ మూడేళ్ళలో ఏం పెరిగిందో ఆమెకు ఎదురుగానే కనిపిస్తోంది. కేతనాయకుడి నడికట్టు ఇప్పుడు ఒక చుట్టు తక్కువే వస్తోంది.

నవ్వుకుని ఊరుకునేదే. కానీ ఆ రోజు కేతనాయకుడు కొలువులో లేచి గొంతు సవరించాడు.

"ప్రభూ! తమ దయవల్ల పులులు నలభై అయ్యాయి. అడవి ఇరుకైపోయింది, పాపం. అంచున చింతలగూడెం ఉంది చూశారూ, రేపు దాన్ని ఖాళీ చేయించామంటే నోరులేని జీవాలు కాస్త కాళ్ళు చాపుకుంటాయి."

ఎర్రసాని చేతిలో తమలపాకు చిరిగింది. చింతలగూడెం ఆమె పుట్టిల్లు. తల్లి, తమ్ముళ్ళు, మేనమామ అందరూ అక్కడే. ఆ గూడెం చింతతోపు మీద కేతనాయకుడి కన్ను ఎన్నాళ్ళుగా ఉందో ఆమెకు తెలుసు. లేని పులులకు చోటివ్వడానికి ఉన్న మనుషుల్ని వెళ్ళగొడతాడన్నమాట!

రాజు "సరే" అనబోయాడు. ఆమె చటుక్కున చిలక అందించింది. రాజు నోరు నిండింది. మాట ఆగింది.

"నలభై పులులే!" అంది ఎర్రసాని. "అంతా నాయకులవారి చేతి చలవ, ప్రభూ. కన్నబిడ్డల్లా సాకారు. ఆయన అడవిలో అడుగుపెడితే వచ్చి కాళ్ళు నాకుతాయి కాబోలు!"

పొగడ్త అంటే కేతనాయకుడికి మేకమాంసమంత ఇష్టం. "నాకడమేమిటి, కూర్చోమంటే కూర్చుంటాయి. నేను కర్ర కూడా పట్టుకెళ్ళను."

రాజు కళ్ళు మెరిశాయి. నములుతున్నది గబగబా మింగాడు. "అయితే ఇప్పుడే చూడాలి! ఒక్కడివే వెళ్ళి వాగు దగ్గర మోదుగపూలు కోసుకు రా. తెచ్చావా, తెల్లారేసరికి గూడెం ఖాళీ."

"అదెంత పని, ప్రభూ!"

కొలువంతా అడవి అంచుకు కదిలింది. కేతనాయకుడు కత్తి తీసి బంటు చేతిలో పెట్టాడు. కూనిరాగం తీస్తూ, పెళ్ళివిందుకు పోతున్నట్టు నడిచాడు.

"ఔరా! మగాడంటే వీడే!" అన్నాడు రాజు.

ఎర్రసాని తాంబూలం పట్టుకుని వెనకాలే పరుగెత్తింది. "ఆగండి నాయకులవారూ, ఇది వేసుకుని వెళ్ళండి. అన్నట్టు, పొద్దున మా మేనమామ వచ్చాడు. రాత్రి పొరుగు దేశం నుంచి ఏరు దాటి ఒక పులి వచ్చిందట. ఆ వాగు దగ్గరే పడుకుందట. మీకదొక లెక్కా, వెళ్ళి రండి."

కూనిరాగం ఆగింది.

"ఏ... ఏ వాగు?"

"మీరు వెళ్తున్నదే."

కేతనాయకుడు ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత చాలా అడుగులు వేశాడు. "ప్రభూ, నా కత్తి ఇప్పించండి. ఈటెగాళ్ళు ఒక యాభైమంది... ఏనుగొకటి ఉన్నా మంచిదే. అసలు మోదుగపూలకు వాసనే ఉండదు, ప్రభూ!"

"ఏమయ్యా, కూర్చోమంటే కూర్చుంటాయన్నావుగా?"

"అవి నా పులులు, ప్రభూ. నన్నెరుగును. ఇది పరాయిది!"

"మరీ మంచిది," అంది ఎర్రసాని. "మీ బిడ్డలు నలభై ఉన్నాయిగా. ఒక్క పరాయి పులిని తండ్రి మీద పడనిస్తాయా?"

కేతనాయకుడు బంటు చేతిలోని కత్తి కోసం చెయ్యి చాచాడు.

ఆమె రాజు వైపు తిరిగింది.

"నలభై పులుల మధ్యకు ఉత్త చేతులతో పాడుకుంటూ బయల్దేరిన మొనగాడికి, నలభై ఒకటో పులి అనగానే అడుగులు వెనక్కెందుకు పడ్డాయి, ప్రభూ?"

రాజు కేతనాయకుణ్ణి చూశాడు. అడవిని చూశాడు. మూడేళ్ళ మేకలన్నీ ఆయన కళ్ళముందు ఒక్కొక్కటే నడిచి వెళ్ళాయి.

"ఒసే, నువ్వు చెప్పిన ఆ పులైనా నిజమేనా?"

"ఆయన నలభై ఎంత నిజమో నా ఒక్కటీ అంతే నిజం, ప్రభూ. కాకపోతే నాది మేకల్ని అడగలేదు. ఎవరి కొంపా ఖాళీ చేయమనలేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. రాజు మూతి బిగించాడు గానీ మీసాలు అదురుతున్నాయి. "గూడెం జోలికి వెళ్ళినవాడి తోలు ఒలిపిస్తాను. అది సరే, ఎర్రసానీ, నా అడవిలో నిజంగా పులులున్నాయో లేవో నాకు తెలిసేదెలాగే?"

"మేకల్ని మాన్పించి, రోజూ నాయకులవారినే ఒంటరిగా పంపండి, ప్రభూ. ఆయన తిరిగొచ్చినన్నాళ్ళూ పులి లేనట్టు. రానిరోజున ఒకటి ఉన్నట్టు!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. బంట్లు ఈటెల మీద వాలిపోయి నవ్వారు. రాజు తన చేతి కంకణం ఊడదీసి ఎర్రసాని చేతికి తొడిగాడు.

అక్కడ నవ్వనివాడు ఒక్కడే. ఆయన అడవి వంక చూస్తున్నాడు.