ముసుగమ్మకి పొద్దున్నే ముసుగెందుకు తీస్తారంటే

కంకరపల్లె ముసుగమ్మ గుడి అంటే పెద్ద గోపురం ఊహించుకుని రావద్దు. ఓ ఇంటి పెరట్లో, గుమ్మడి పాదు పక్కన మోకాలెత్తు గుడి, అంతే. అమ్మవారంటే గుమ్మడికాయలా చారలున్న రాయి. ఎండెక్కాక వస్తే ఆమె కనపడదు, తడిగుడ్డ కప్పేస్తారు. తర్వాత నన్ను తిట్టొద్దు.

పూర్వం ఇక్కడ పేరమ్మ, ఆమె కోడలు కోటమ్మ ఉండేవాళ్లు. వాళ్ల దగ్గర తాతలనాటి గుమ్మడి విత్తనం ఉండేది, ఎంత ఎండకైనా కాసే రకం. ఒక ఏడు ఎండ ఎలా కొట్టిందంటే, ఉన్న గింజలన్నీ పెడితే ఒక్క తీగ బతికింది. అది కాయకపోతే విత్తనం అక్కడితో ఖతం.

పేరమ్మకి ఎండంటే భయం, దిష్టంటే ఇంకా భయం. ఆడపువ్వు కనపడగానే తడిచీర కప్పేసి, పగలంతా తీసేది కాదు. పువ్వు కింద పిందె రెండ్రోజులకే పసుపెక్కి రాలిపోయింది. రెండోదీ అంతే.

"నీ చూపే తగిలిందే!" అని కోడలి మీద పడింది.

"నేను చూసిందెక్కడ అత్తా, నువ్వు కప్పేస్తివిగా!"

ఇక మిగిలింది ఒకే మొగ్గ. మర్నాడు విచ్చుకుంటది. కోటమ్మకి అన్నం దిగలా. మధ్యాహ్నం పాదు దగ్గరే కునుకు పడితే, కల్లో నిండా ముసుగేసుకున్న ముసలావిడ కసిరింది: "పొద్దున్నే నా ఇంటికి తేనెటీగలు చుట్టాల్లా వస్తాయి. తలుపేసి కూచుంటే నేనెట్టా కాసేదే?"

తెల్లారగానే కోటమ్మ పువ్వు మీద కప్పిన తడిచీర లాగేసింది. పేరమ్మ పరిగెత్తుకొచ్చి, "ఇది రాలిందో, నిన్ను ఈ పాదులోనే పాతేస్తా!" అంది. ఇద్దరూ చెరో పక్క కూచున్నారు. ఒక్క ఈగ రాదు. ఎండ మొదలైంది, పువ్వు అంచులు ముడుచుకుంటున్నాయి. పేరమ్మ చీర అందుకుంది. కోటమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

"ఒక్క నిమిషం అత్తా, నీ కాళ్లు పట్టుకుంటా."

అప్పుడొచ్చింది ఒకే ఒక్క తేనెటీగ. పక్కనున్న మగపువ్వులో పొర్లి, ఒళ్లంతా పుప్పొడి పూసుకుని ఆడపువ్వులో దూరింది. అది బయటికి రాగానే చీర కప్పింది పేరమ్మే.

పిందె నిలిచింది. కాయ పండాక ఎత్తితే, కింద అవే చారలతో రాయి. ఆమే ముసుగమ్మ.

ఇప్పటికీ తెల్లారగానే అమ్మవారికి ముసుగు తీస్తారు, ఎండెక్కగానే కప్పుతారు. ప్రసాదం రెండు గుమ్మడి గింజలు. అవి మొలిచిన ఇంట్లో అందరి కడుపూ చల్లగా ఉంటుందంటారు, నేనూ నమ్ముతా. కానీ ఈసారి ఎండ చూస్తే నాకే గుండె దడ. గుడి తీగకి ఇంతవరకూ ఒక్క పిందె నిలవలా. రేపు ఇంకో ఆడపువ్వు విచ్చుకుంటది. ఆరింటికల్లా వచ్చెయ్యండి, గొడుగు తెండి. మీకు కాదు, తీగకి.