సింహాసనం పక్కన పీట

ఖాళీ సింహాసనం పక్కన పీట వేసుకుని రాజ్యమేలే మనిషిని మీరు చూసే ఉంటారు. బుకాయించకండి. ఏం చూశారో చెప్పండి. చెప్పరా? అయితే నేను చెబుతాను.

ఒకానొక రాజ్యంలో జనం తిరగబడితే రాజు పారిపోయాడు. సరిహద్దులో మూడేళ్లుగా యుద్ధం. ఊళ్లలో రైతులు దొరల పొలాలు దున్నేసుకుంటున్నారు. కొత్త రాజును ఎన్నుకునేదాకా ఉండమని సామంతులు అయ్యపరాజు అనే పెద్దమనిషిని తెచ్చి పీట మీద కూర్చోబెట్టారు. సింహాసనం ఎక్కకూడదు. దుమ్ము మాత్రం దులపొచ్చు. పాపం, రోజూ శ్రద్ధగా దులిపేవాడు.

ఆయన ఏ ఆజ్ఞ ఇచ్చినా చివర ఒక మాట రాయాలని సామంతుల కట్టడి: 'రాబోయే రాజుగారు కాదంటే అంతా మునుపటిలాగే చేసి అప్పగించగలవాడను.'

యుద్ధం ఆపమని సిపాయిలు వచ్చారు.

"నేను తాత్కాలికం నాయనా. కొత్త రాజు ఆపుతాడు. అందాకా పోరాడుతూ ఉండండి."

భూమి పంచమని రైతులు వచ్చారు.

"కొత్త రాజు పంచుతాడు. అందాకా ఆకలి ఓర్చుకోండి."

చచ్చేవాళ్లు మాత్రం తాత్కాలికంగా చావడం లేదు.

కుప్పమ్మ అనే సిపాయి భార్య ఆగలేక రాజుగారి ధాన్యపు కొఠారు తాళం పగలగొట్టి వీధివాళ్లకు గింజలు పంచింది. భటులు పట్టుకొచ్చారు.

"ఈ పూటే ఉరి తీయండి" అన్నాడు అయ్యపరాజు. దీనికి కొత్త రాజు రానక్కర్లేదు కాబోలు.

ఆజ్ఞలు రాసే తిప్పన్న తాపీగా రాసి, పైకి చదివాడు: "కుప్పమ్మను ఉరి తీయవలెను. రాబోయే రాజుగారు కాదంటే ఆమెను మునుపటిలాగే బతికించి అప్పగించగలవాడను."

సభలో నలుగురికి దగ్గొచ్చింది.

"ఆ చివరి మాట కొట్టెయ్."

"కొట్టేస్తే అది రాజాజ్ఞ అయిపోతుందండి. తమరు రాజైపోయారని సామంతులు రేపే పీట లాగేస్తారు."

"మరేం చేయమంటావు?"

"తిరిగి సరిచేయగలిగినవి చేయండి అయ్యగారూ. సంధి చేసుకుంటే, కావాలంటే కొత్త రాజు మళ్లీ కొట్లాట పెట్టుకుంటాడు. భూమి పంచితే, చేతనైతే లాక్కుంటాడు. కొఠారు తెరిస్తే, పంటకి మళ్లీ నిండుతుంది. ఆ మూడూ మీ వల్ల కాదంటారు. ఎవరూ తిరిగి తేలేని ప్రాణం తీయడానికి మాత్రం మీ అధికారం చాలుతుందంటారు."

ఒప్పుకోవడం కంటే నవ్వడం తేలిక. అయ్యపరాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. భుజం మీది శాలువా తీసి తిప్పన్నకు కప్పాడు. కుప్పమ్మ కట్లు విప్పించాడు.

ఆమె కదల్లేదు. "కొఠారు సంగతేంటయ్యా?"

"అది కొత్త రాజుగారు వచ్చాక..."

"మా పిల్లలు అందాకా ఆగరు" అని ఆమె బయటికి నడిచింది.

గుమ్మంలోని భటులు ఆయన్ని చూశారు, ఆమెను చూశారు. వాళ్ల ఇళ్లలోనూ పిల్లలున్నారు. బల్లేలు గోడకు ఆనించి ఆమె వెంట కొఠారు వైపు వెళ్లిపోయారు.

"ఆపండి వాళ్లను" అన్నాడు అయ్యపరాజు.

"ఎవరికి రాయమంటారండి?" అన్నాడు తిప్పన్న.

ఇప్పుడైనా చెప్పండి, ఆ మధ్యాహ్నం ఆ రాజ్యాన్ని ఏలుతున్నది ఎవరు?