తాడు ముడి జరిపించుకున్న గిత్త

“కాడి ఒక్కటే, చెమట ఒక్కటే. కాబట్టి గెలిచిన జతలో ఇద్దరికీ చెరో దండ!”

గుట్ట మీది చర్చి పండగకు బండలాగుడు పోటీలు పెట్టినప్పుడు, పోటీల సంఘం కార్యదర్శి నక్క అందరి ఎదుటా చెప్పిన మాట ఇది. “సమానత్వం వర్ధిల్లాలి!” అని కూడా అరిచింది. జంతువులన్నీ తోకలెత్తి జేకొట్టాయి. ఆ ఏడు తీతు, సీల అనే గిత్తల జత గెలిచింది. వచ్చింది మాత్రం ఒక్క దండ. అది పెద్దవాడైన సీల మెడలో పడింది.

ఏడాది తిరిగినా తీతు కడుపులో మంట చల్లారలేదు. సీల మెల్లగా మేస్తే “ఎంత నెమ్మదో!” అనేవి ఆవులు. తీతు మెల్లగా మేస్తే “ఎంత సోమరో!” అనేవి. పోటీకి ముందు సీల తల వంచి ప్రార్థన చేస్తే “ఎంత భక్తో!” అనేవి. తీతు కూడా ఒకసారి తల వంచి చూశాడు. “గడ్డి కోసమా నాయనా? ఇక్కడ లేదు” అన్నాయి.

ఈ ఏడు వాగొడ్డు దున్నపోతులు గెలవాలని నక్క కోరిక. దున్నల మంద ఓట్లేస్తేనే దాని పదవి నిలుస్తుంది. అందుకని తీతు దగ్గరికి వచ్చింది.

“అల్లుడూ, గమనించావో లేదో! బండ తాడు కాడికి నడిమధ్యన కట్టరు. ముడి సీల వైపు జానెడు జరిగి ఉంటుంది.”

“ఉంటే?”

“పిచ్చోడా, ముడి ఎటుంటే పేరు అటు! దండ వాడి మెడలో ఊరికే పడిందనుకున్నావా?”

చెప్పుడు మాటలు చేటని తీతుకు తెలుసు. తెలిసీ నమ్మాడు.

పోటీ రోజు కోతి తాడు కడుతుంటే అడ్డం పడ్డాడు.

“అన్నా, ముడి నా వైపు జరపమను.”

“ఎందుకురా?”

“ఎప్పుడూ నీ వైపేనా? దున్నేవాడిదే భూమి, లాగేవాడిదే ముడి!”

సీల నవ్వాడు. “అది పెద్దపీట కాదు తమ్ముడూ. ముడి దగ్గరున్న మెడ మీదే బరువెక్కువ పడుతుంది. నువ్వు చిన్నవాడివని నేనే అలా కట్టించాను.”

“దొరలందరూ ఇదే మాట చెబుతారు!”

“సరే, జరుపు” అన్నాడు సీల కోతితో.

కోడిపుంజు కూసేలోగా ఎవరు ఎక్కువ అడుగులు లాగితే వారిదే గెలుపు. ముందు దున్నపోతులు లాగాయి. కొంగ పక్కనే నడుస్తూ అడుగులు లెక్కపెట్టింది. వెయ్యి కాగానే నక్క వాటి చెవిలో ఊదింది. “ఇక చాలు. ఆ గిత్తలు ఐదొందలకే కూలతాయి. పోయి చల్లబడండి.” గడువు ఇంకా మిగిలుండగానే దున్నలు బండ వదిలేసి వాగులో దిగాయి.

తర్వాత గిత్తల వంతు. మొదటి వంద అడుగులు తీతు ఆవుల వంక చూస్తూ లాగాడు. మూడొందలకు నాలుక బయటికొచ్చింది. ఆరొందలకు మోకాళ్లు నేలకానాయి.

“అన్నా, ఇన్నాళ్లూ నువ్వు లాగింది ఇదా?”

“మాట్లాడకు. ఊపిరి దాచుకో.”

“నా వల్ల కాదు. ముడి నీ వైపే వేయించు.”

“కోడిపుంజు కూసి గడువు అయ్యేదాకా ముడి ముట్టకూడదు. పట్టుబట్టి కట్టించుకున్నావుగా!”

ఆ మాటకు తీతు కోపంగా తల తిప్పాడు. అప్పుడు కనబడింది అన్న మెడ. కాడి ఒరుసుకుని కాయలు కాసి, కాయల మీద కాయలు కాసి, అక్కడక్కడా పగిలి ఉంది. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. పక్కనే నడిచిన ఎద్దుకు కూడా ఇన్నేళ్లూ అది కనబడలేదు, దండ మాత్రమే కనబడింది.

“సిలువ మోసిన ప్రభువే దారిలో పడ్డాడురా” అన్నాడు సీల. “లేచాడు. ఇంకొకడు వచ్చి భుజం కూడా పట్టాడు. నేనున్నాను, లే!”

తీతు లేచాడు. ఒక్కో అడుగుకు ఒక్కసారి “ప్రభువా” అనుకుంటూ లాగాడు. ఈసారి ఎవరు చూస్తున్నారో చూడలేదు. పుంజు కూసింది.

“వెయ్యిన్నీ మూడు!” అంది కొంగ.

నక్క వాగుకు పరుగెత్తింది. నీటి పైన కొమ్ములు మాత్రం కనబడుతున్నాయి. “మూడడుగుల్లో ఓడిపోయారు రా, చవటల్లారా!” అని మొత్తుకుంది. “ఇక్కడ హాయిగా ఉంది కార్యదర్శి గారూ, మీరూ దిగండి” అన్నాయి దున్నలు.

చేసేది లేక నక్క దండ తెచ్చింది. మళ్లీ ఒక్కటే. “ముడి తీతు వైపుంది కాబట్టి దండ తీతుకే!” అంది, అన్నదమ్ములు కొట్టుకు చస్తారని.

తీతుకు ఆశ పుట్టలేదంటే అబద్ధం. దండ వంక చాలాసేపు చూశాడు. తర్వాత ఒక కొస నోట కరిచి, రెండో కొస అన్న మూతికి అందించాడు. బంతిపూలు ఇద్దరూ కరకరా నమిలేశారు. నక్క చేతిలో దారం మిగిలింది. నములుతూనే తీతు, అన్న వైపు పూలు ఎక్కువున్నాయేమోనని ఓరకంట చూశాడు కూడా!

నీతి: పక్కవాడి చోటు కోరేవాడు ముందు వాడి మెడ చూడాలి.

ఇద్దరికీ ఇస్తామన్న రెండో దండ రెండేళ్లుగా ఎవరి మెడలో వాడిపోతోందో, పోటీల సంఘం మార్చి ముప్పై ఒకటో తేదీలోగా అందరి ఎదుటా జవాబు చెప్పాలి.