పుంజుపిల్ల నెత్తిన జుట్టు ఆలస్యమైన కథ

ఒకప్పుడు పుంజుపిల్లలు గుడ్డు పగలగొట్టుకుని వచ్చేటప్పుడే నెత్తిన ఎర్రజుట్టుతో, కొక్కొరోకో అంటూ వచ్చేవి. చూసినవాళ్లకు ముచ్చటగా ఉండేది. గద్దకు మరీ ముచ్చట. వెతుక్కునే శ్రమ లేదు, కూత వినపడ్డ చోట దిగితే చాలు.

పొడల పెట్టకు అలా ఐదుగురు కొడుకులు పోయారు. గంపలో ఒక్క గుడ్డే మిగిలింది. దాని మొగుడు, కాకిడేగ అనే పుంజు మాత్రం, ఐదుగురూ మగాళ్లలా కూస్తూనే పోయారని పెంటకుప్పెక్కి గొప్పలు చెప్పుకున్నాడు.

పెట్ట గుడ్డుకు ముక్కు ఆనించి లోపలి కణాలను పిలిచింది. కణాలంటే ఒంటిని కట్టే బుల్లి పనివాళ్లు. పిల్ల కడుపులో, మూత్రపిండాల పక్కన, ఒకే ఇంట పుట్టిన అన్నదమ్ముల గుంపొకటి ఉండేది. జుట్టునూ కూతనూ రప్పించే రసం వాళ్లే చేసేవాళ్లు. పెద్ద తరగతుల్లో దాన్నే హార్మోన్ అంటారు.

"నాయనా, వీడు ఎదిగేదాకా ఆ రసం చెయ్యకండి," అని బతిమాలింది.

పని చెయ్యడానికి అందరూ సిద్ధమే. ఊరుకోవడానికే ఎవరూ ఒప్పుకోలేదు. తాము లేకపోతే వీడు మగపిల్లాడని ఒంటికి తెలిసేదెలా అన్నారు పెద్దన్నలు. ఆ ఒక్క కబురూ చెప్పి తప్పుకోమంది పెట్ట. వాళ్లు సణుగుతూనే సరేనన్నారు. పని వద్దన్నందుకు నడిపివాళ్లకు అలక వచ్చి, మూత్రపిండం పక్కనే వేరు కాపురం పెట్టి, భయం వేళ పనికొచ్చే రసం చేసుకోసాగారు.

ఇక మిగిలింది రక్తనాళం గోడకు చేరగిలబడి కునికే తమ్ముళ్లు. ఆ సోమరిపోతులా అని అన్నలు నవ్వారు.

"వీడు ఎదిగేదాకా ఆ పని అట్టిపెట్టుకోడానికి వాళ్లే కావాలి నాకు. ఏమీ చెయ్యకుండా ఉండటం వాళ్లొక్కళ్లకే చేతనవును," అంది పెట్ట.

ఒక తమ్ముడు ఒక కన్ను తెరిచి, "సరేనమ్మా, తొందరేం లేదుగా?" అని మళ్లీ పడుకున్నాడు.

పిల్లాడు బోడినెత్తితో పుట్టాడు. కీచుమన్నాడే గాని కూయలేదు. కాకిడేగ తలెత్తుకోలేక పెంటకుప్ప దిగిపోయాడు. గద్ద పైన మూడుసార్లు తిరిగింది. జుట్టు కనపడలేదు, కూత వినపడలేదు. దాని నీడ పడగానే నడిపివాళ్ల రసం పనిచేసింది. పిల్లాడు పరిగెత్తి తల్లి రెక్క కింద దూరాడు.

నెలలు గడిచాక తమ్ముళ్లలో కొందరు ఒళ్లు విరుచుకుని లేచారు. వృషణాల్లో కుదురుకుని, తీరిగ్గా రసం మొదలుపెట్టారు. జుట్టు ఎర్రగా నిలబడింది, కూత ఊరు దాటింది. కూత విని వచ్చిన గద్ద, ఇంత బరువు మోయడం తన వల్ల కాదనుకుని వెళ్లిపోయింది.

అప్పటినుంచే పుంజుపిల్ల బోడినెత్తితో పుట్టి, ఎదిగాకే జుట్టు తెచ్చుకుంటుంది. తెచ్చుకున్నాక, అదంతా తన ప్రతాపమేనని రోజూ తెల్లవారగానే అందరికీ చాటుతుంది.