రెల్లువాగు పాటల సంఘం

అనగనగా రెల్లువాగు పక్కన ఒక చిట్టడవి. అక్కడ పాటల సంఘం ఒకటి ఉండేది. దాన్ని ఎప్పుడు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు, తాతల నాటిది. అందులో గొప్ప విద్వాంసులు ఎవరూ లేరర్రా! పగలంతా తిండి కోసం తిరిగి, వారానికోసారి సాయంత్రం వాగు ఒడ్డున చేరి సరదాగా పాడుకునేవాళ్ళే అందరూ. గోరింక పాడేది. ఎలుగుబంటి బోలు దుంగ మీద దరువు వేసేది. కుందేలు ఎండుకాయలు గలగలలాడించేది.

ఆ సంఘంలో ఒక వింత పద్ధతి ఉండేది. అందరికంటే నెమ్మదిగా ఉండేవాళ్ళే తాళం వెయ్యాలి. మిగతావాళ్ళు వాళ్ళ కోసం ఆగాలి. అందుకని ఆ పని తాబేలు తాతది. రెండు ఆలుచిప్పలు పట్టుకుని తాళం వేసేవాడు. ఎప్పుడూ ఆలస్యమే! ఒక్కోసారి పాట మధ్యలో కునుకు కూడా తీసేవాడు. అయినా ఆ సాయంత్రమంటే ఆయనకు ప్రాణం. నా అన్నవాళ్ళు లేని తాత వారమంతా దాని కోసమే ఎదురుచూసేవాడు.

ఆ ఏడు గోరింక సంఘానికి పెద్ద అయింది. ఇంతలో పై అడవి ఏనుగులు పాట వినడానికి వస్తున్నామని కబురు పెట్టాయి. ఇంకేం, గోరింకకు కాలు ఒకచోట నిలవలేదు.

"తాతా, ఈ ఒక్కసారికి నువ్వు పక్కన కూర్చో. ఏనుగుల ముందు మన పరువు పోతుంది" అంది.

తాత చిప్పలు కింద పెట్టాడు. "అలాగేలేమ్మా" అని మెల్లగా పొదల వైపు వెళ్ళిపోయాడు.

ఎలుగుబంటికి మనసు చివుక్కుమంది. కానీ గోరింక నోటికి జడిసి ఊరుకుంది. అంత ఒళ్ళు పెట్టుకుని ఒక పిట్టకు భయపడింది చూడండి!

ఏనుగులు వచ్చి కూర్చున్నాయి. మొదటి పాటలో కుందేలు తన హుషారులో తాను పరుగు తీసింది. రెండో పాటలో దాన్ని అందుకోబోయి ఎలుగుబంటి దుంగను దబదబా బాదింది. మూడో పాటలో గోరింక చరణం సగంలో ఉండగానే ఎలుగుబంటి ముగింపు దరువు వేసేసింది. ఎవరి గోల వాళ్ళది.

"బాగుందమ్మా" అని పెద్ద ఏనుగు మర్యాదకు అంది. వెంటనే గుంపుతో లేచి వెళ్ళిపోయింది.

గోరింక ఏడ్చేసింది. "ఎప్పుడూ పాడే పాటలే కదా! ఇవాళ మనకేమైంది?"

కుందేలు ఎండుకాయలు కింద పెట్టింది. "ఎప్పుడూ తాత తాళం ఎప్పుడు పడుతుందా అని చెవులు రిక్కించి ఉండేవాళ్ళం. ఆ వినడంలోనే ఒకళ్ళనొకళ్ళం వినేవాళ్ళం. ఇవాళ ఎవరం ఎవరినీ వినలేదు" అంది.

గోరింకకు సిగ్గేసింది. చిప్పలు ముక్కున కరుచుకుని పొదల దగ్గరికి వెళ్ళి తాత ముందు పెట్టింది.

"తప్పయిపోయింది తాతా. మళ్ళీ తాళం వెయ్యవూ?"

తాత చిప్పలు చేతిలోకి తీసుకున్నాడు. "నేనేం మారలేదమ్మా. ఇక ముందు కూడా ఆలస్యంగానే వేస్తాను."

"వెయ్యి తాతా, మేం ఆగుతాం."

ఏనుగులు మళ్ళీ ఆ అడవికి రాలేదు. ఆ మరుసటి వారం మాత్రం పాట చక్కగా కుదిరింది. వినడానికి పాడినవాళ్ళు తప్ప ఇంకెవరూ లేరు.

నీతి: వెనకబడినవారి కోసం ఆగడం మానేస్తే, పక్కవారిని వినడం కూడా మరిచిపోతాం.